ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోన్‌కు ఒక పూట పని: డబ్బు పోకుండా ముందే చేసి పెట్టాల్సిన ఏర్పాట్లు

సంక్రాంతికో దసరాకో ఇంటికి వెళ్లినప్పుడు ఒక పూట దీనికి పెట్టుకోండి. అమ్మానాన్నల ఫోన్లు, ఛార్జర్, బ్యాంకు పాసుపుస్తకాలు, డెబిట్ కార్డులు, ఆధార్ కార్డులు, ఒక తెల్ల కాగితం, లావుగా రాసే స్కెచ్ పెన్ను దగ్గర పెట్టుకుంటే చాలు. బ్యాంకులో కూడా పని పడుతుంది కాబట్టి ఆదివారం, రెండో శనివారం, నాలుగో శనివారం కాకుండా చూసుకోండి.

"ఎవరికీ ఓటీపీ చెప్పకు నాన్నా" అని ఫోన్లో నెలకోసారి చెప్పి ఊరుకుంటే పని జరగదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. బ్యాంకు మేనేజర్లుగా, హెడ్‌మాస్టర్లుగా రిటైరైన వాళ్లు కూడా మోసపోతున్నారంటే కారణం తెలియకపోవడం కాదు. అవతలివాడు ముందు భయపెడతాడు, లేదంటే తొందరపెడతాడు. ఆ పది నిమిషాల్లో తెలిసిన సంగతి ఏదీ గుర్తుకు రాదు. అందుకే కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఒకే లెక్క మీద నడుస్తాయి: ఎప్పుడో ఒకసారి వాళ్లు పొరపాటు చేస్తారు, ఆ రోజు పోయేది ఐదారు వేలు దాటకూడదు.

ఫోన్ తీసేసుకుని కీప్యాడ్ ఫోన్ చేతిలో పెట్టడం పరిష్కారం కాదు. మనవల ముఖం వీడియోలో చూడటం, గ్యాస్ బుక్ చేసుకోవడం, గుడి లైవ్ చూడటం వాళ్ల రోజులో భాగమైపోయాయి. అలాగే వాళ్ల ఫోన్లో ఏం మార్చినా పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పి, ఒప్పించి మార్చండి. చాటుగా చేసిన మార్పును మీరు బండెక్కగానే తీసేస్తారు.

మొదటి పని డబ్బును విడదీయడం

ఫోన్ సెట్టింగుల కన్నా ఇది ముఖ్యం. అన్నీ చేయడానికి సమయం లేకపోతే ఇదొక్కటైనా చేసి రండి.

చాలా ఇళ్లలో పెన్షన్, పంట డబ్బు, ఎఫ్‌డీ వడ్డీ, పిల్లలు పంపేది అంతా ఒకే సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. యూపీఐకి కలిసి ఉండేదీ ఆ ఖాతానే. కూరగాయల బండి దగ్గర 40 రూపాయలు కట్టే ఫోన్‌కే జీవితకాలపు పొదుపంతా తగిలించి ఉంటుంది. యూపీఐలో మామూలు పరిమితి రోజుకు లక్ష రూపాయలు. పిన్ ఒకరికి చిక్కితే ఒక్క రోజులో ఆ లక్షా పోవచ్చు.

కాబట్టి ఇంకో బ్యాంకులో రెండో ఖాతా తెరిపించండి. కనీస నిల్వ అక్కర్లేని ఖాతా కావాలని అడగండి. నెల ఖర్చుకు సరిపడా ఐదారు వేలు మాత్రమే అందులో ఉండాలి. పెద్ద ఖాతా నుంచి నెలనెలా ఒకటో తేదీన ఆ మొత్తం దానంతటదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇప్పించండి. యూపీఐకి ఇకపై ఈ చిన్న ఖాతా ఒక్కటే.

ఫోన్లో మార్చేటప్పుడు వరుస తప్పకూడదు. ముందు చిన్న ఖాతాను యూపీఐ యాప్‌లో కలపండి. దాన్నే ప్రధాన ఖాతాగా పెట్టండి. తర్వాత ఆటోపే, అంటే బిల్లులు దానంతటదే కట్టే ఏర్పాటు, అనే చోట చూడండి. కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జి, బీమా ప్రీమియం ఏవైనా పాత ఖాతా మీద నడుస్తుంటే రాసుకుని, కొత్త ఖాతాకు మార్చండి. ఇది మర్చిపోతే మూడు నెలల తర్వాత పాలసీ ల్యాప్స్ అయిందని ఉత్తరం వస్తుంది. ఆ తర్వాతే పాత ఖాతాను యాప్‌లోంచి తీసేయండి. ఫోన్లో రెండు మూడు యూపీఐ యాప్‌లుంటే ప్రతిదాంట్లో విడివిడిగా తీయాలి. యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఖాతా లింకు పోయినట్టే అనుకుంటారు, పోదు. ముందు ఖాతా తీసేసి, తర్వాత యాప్ తీసేయండి. ఒక్క యాప్ ఉంచితే చాలు.

ఇంతటితో ఆగితే సగం పనే. ఖాతాను మళ్లీ యూపీఐకి కలపాలంటే కావలసింది బ్యాంకులో నమోదైన సిమ్, దానికి తోడు డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ. కార్డు లేకపోయినా ఆధార్ ఓటీపీతో కలపవచ్చు. అంటే ఫోన్ ఇంకొకరి అదుపులోకి వెళితే మీరు తీసేసిన పెద్ద ఖాతా మళ్లీ అదే ఫోన్లో ప్రత్యక్షమవుతుంది. దీనికి పక్కా విరుగుడు ఒకటుంది. పెద్ద ఖాతాకు నమోదు చేసే నంబరును స్మార్ట్‌ఫోన్లో ఉంచకండి. మూలన పడేసిన కీప్యాడ్ ఫోన్ ఒకటి తీసి, అందులో వేరే సిమ్ వేసి, బ్యాంకులో ఆ నంబరు నమోదు చేయించండి. బ్రాంచిలో ఒక దరఖాస్తు, ఆధార్ జిరాక్సు ఇస్తే మారుస్తారు. ఓటీపీలు దొంగిలించే యాప్ స్మార్ట్‌ఫోన్లో దూరినా ఆ ఓటీపీలు దానికి అందవు. అయితే ఆ సిమ్‌ను పట్టించుకోకుండా వదిలేయకూడదు. 90 రోజులు ఏ వాడకమూ లేకుంటే కంపెనీ నంబరు తీసేస్తుంది, కొన్నాళ్లకు అదే నంబరు ఇంకెవరికో వెళ్తుంది. అప్పుడు మీ నాన్నగారి ఖాతా ఓటీపీలు ఎవరో తెలియని మనిషికి చేరతాయి. రీచార్జి తేదీని మీ ఫోన్లో అలారంగా పెట్టుకోండి.

పెద్ద ఖాతా డెబిట్ కార్డు విషయం. రిజర్వు బ్యాంకు నియమం వల్ల 2020 అక్టోబరు నుంచి కార్డుకు ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం, ట్యాప్ చేసి కట్టడం వేటికవి విడివిడిగా ఆపుకునే వీలు బ్యాంకులు ఇవ్వాలి. ఆ మూడూ ఆపేయండి. ఏటీఎం పరిమితిని రోజుకు 5 వేలకు తగ్గించండి.

ఎఫ్‌డీలు ఒకే పేరు మీద ఉంటే, కొత్తగా వేసేటప్పుడు అమ్మా నాన్నా ఇద్దరి పేర్లతో వేయించండి. గడువు తీరాక ఒకరైనా తీసుకునేలా పెట్టుకున్నా, గడువుకు ముందే రద్దు చేయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. రెండో సంతకం కోసం ఇంట్లో ఇంకో మనిషికి విషయం చెప్పక తప్పదు కదా, చెప్పిన క్షణంలోనే మోసం బయటపడుతుంది. ఆన్‌లైన్‌లో ఎఫ్‌డీ రద్దు చేసే వీలు ఉందేమో బ్రాంచిలో అడిగి, ఉంటే ఆపించండి.

చిన్న ఖర్చులకు యూపీఐ లైట్ ఆన్ చేసి పెడితే బాగుంటుంది. అందులో ఎక్కువలో ఎక్కువ 5 వేలు నిల్వ ఉంచవచ్చు, ఒక్కోసారి వెయ్యి వరకు పిన్ లేకుండానే కట్టవచ్చు. పాల వాడికి, కిరాణా కొట్టులో పదిమంది చూస్తుండగా పిన్ నొక్కే అవసరం తప్పుతుంది. ఫోన్ పోతే ఆ నిల్వ వరకు ప్రమాదం ఉంటుంది కాబట్టి వెయ్యి, పదిహేను వందలకు మించి నింపకండి.

పిన్ గురించి ఒక పరీక్ష చేయండి. వాళ్ల అనుమతితో కాంటాక్ట్స్ తెరిచి "ఏటీఎం", "బ్యాంక్", "పిన్" అని వెతకండి. చాలా ఫోన్లలో ఒక పేరు కింద నాలుగంకెల "ఫోన్ నంబరు" కనిపిస్తుంది. తీసేయించండి. పుట్టిన సంవత్సరం, పెళ్లైన సంవత్సరం, బండి నంబరు పిన్‌గా ఉంటే మార్పించండి. ఏటీఎం పిన్, యూపీఐ పిన్, ఫోన్ తెరిచే పిన్ మూడూ ఒకటే అయితే కనీసం యూపీఐ పిన్ వేరుగా ఉండాలి.

ఫోన్ లోపలి పని

ఇప్పుడు ఫోన్లను పాడు చేస్తున్న ముఖ్యమైన ఆయుధం వాట్సాప్‌లో వచ్చే ఫైల్. పైకి పెళ్లి శుభలేఖలా, ట్రాఫిక్ చలానాలా, పీఎం కిసాన్ డబ్బుల జాబితాలా, బ్యాంకు కేవైసీలా కనిపిస్తుంది. పేరు చివర చూస్తే డాట్ ఏపీకే అని ఉంటుంది. ఫొటోకు గానీ, పీడీఎఫ్‌కు గానీ ఆ తోక ఉండదు. అది యాప్. బావగారి నంబరు నుంచే రావచ్చు. ఆయన ఫోన్ అంతకుముందే పాడై ఉంటుంది, ఆయనకు తెలియకుండానే అందరికీ పంపుతుంటుంది. నొక్కగానే ఫోన్ అడ్డుచెబుతుంది, "ఈ సోర్స్ నుంచి అనుమతించాలా" అంటుంది. అనుమతి ఇస్తే యాప్ ఎక్కి, ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. అదీ ఇస్తే ఇక వచ్చే ప్రతి ఓటీపీ అవతలివాడికి వెళ్లిపోతుంది. ఎవరికీ ఏమీ చెప్పకుండానే డబ్బు పోవడం అంటే ఎక్కువగా ఇదే.

ఆండ్రాయిడ్‌లో దీన్ని ఆపడానికి సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో స్పెషల్ యాప్ యాక్సెస్, అందులో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ తెరవండి. కంపెనీని బట్టి మాటలు కాస్త మారతాయి, దొరక్కపోతే సెట్టింగ్స్ పైనున్న వెతికే చోట "అన్‌నోన్" అని కొట్టండి. వాట్సాప్, క్రోమ్, ఫైల్స్, టెలిగ్రామ్, షేరింగ్ యాప్‌లు అన్నిటికీ అనుమతి తీసేయండి. శాంసంగ్ కొత్త ఫోన్లయితే సెక్యూరిటీ అండ్ ప్రైవసీలో ఆటో బ్లాకర్ ఉంటుంది, ఆన్ చేస్తే ప్లే స్టోర్ బయటి యాప్‌లను ఎక్కనివ్వదు. ప్లే స్టోర్‌లో పైన మూలనున్న బొమ్మ నొక్కి, ప్లే ప్రొటెక్ట్ తెరిచి, స్కానింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసి, ఒకసారి స్కాన్ నడపండి.

తర్వాత ప్రైవసీలో పర్మిషన్ మేనేజర్ తెరిచి ఎస్ఎంఎస్ అనే చోట ఎవరెవరికి అనుమతి ఉందో చూడండి. మెసేజ్‌ల యాప్, ఫోన్ యాప్, యూపీఐ యాప్, బ్యాంకు యాప్ ఉంటే సరే. టార్చి యాప్‌కు, పంచాంగం యాప్‌కు, అప్పులిచ్చే యాప్‌కు ఎస్ఎంఎస్‌తో పనేమిటి? తీసేయండి. అప్పు యాప్‌లు కాంటాక్ట్స్, ఫొటోలు కూడా లాగుతాయి, పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఆపై యాక్సెసిబిలిటీ తెరిచి డౌన్‌లోడెడ్ యాప్స్ కింద ఏమైనా ఆన్‌లో ఉందేమో చూడండి. ఈ అనుమతి ఉన్న యాప్ తెరమీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. చూపు, వినికిడి సాయానికి మీరే పెట్టింది తప్ప అక్కడ ఇంకేదీ ఉండకూడదు.

అనుమానాస్పద యాప్ దొరికిందనుకోండి. ముందు ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆపేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే అది డివైస్ అడ్మిన్‌గా, అంటే ఫోన్ మీద పెత్తనం తీసుకుని, కూర్చుని ఉంటుంది. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ అని వెతికి, టిక్కు తీసేసి, మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ పోకపోతే పవర్ ఆఫ్ గుర్తును నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది, అందులోకి వెళ్లి తీసేయండి. ఇలాంటి యాప్‌లు కొన్ని తెరమీద గుర్తు లేకుండా దాక్కుంటాయి, అందుకని సెట్టింగ్స్‌లోని పూర్తి యాప్‌ల జాబితాలోనే చూడాలి. ఆ తర్వాత ఫొటోలు దింపుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మంచిది. ఫొటోలతో పాటు డౌన్‌లోడ్స్ ఫోల్డరును కూడా కాపీ చేసి తిరిగి వేస్తే అదే ఫైల్ మళ్లీ ఫోన్లోకి వస్తుంది. పిన్‌లు, పాస్‌వర్డులు ఇంకో ఫోన్ నుంచి మార్చండి.

డయలర్‌లో *#21# కొట్టి చూడండి. కాల్స్ ఇంకో నంబరుకు మళ్లుతుంటే చెబుతుంది. తెలియని నంబరు కనిపిస్తే ##002# కొడితే మళ్లింపులన్నీ రద్దవుతాయి. "పార్సిల్ వచ్చింది, డెలివరీ బాయ్‌తో మాట్లాడటానికి ఈ కోడ్ కొట్టండి" అని స్టార్ 21 స్టార్‌తోనో స్టార్ 401 స్టార్‌తోనో మొదలయ్యే నంబరు చెబుతారు. అది కొడితే ఇంటికొచ్చే కాల్స్, ఫోన్లో వినిపించే ఓటీపీలు అన్నీ వాళ్లకు పోతాయి.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి తెర పంచుకునే యాప్‌లు ఉంటే తీసేయండి. ఇక్కడ పిల్లలే ఒక పొరపాటు చేస్తారు. హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో నాన్నగారికి ఫోన్ సరిచేసి పెట్టడానికి ఇలాంటి యాప్ ఎక్కించి, "వచ్చిన నంబరు చదువు నాన్నా" అని అలవాటు చేస్తారు. రేపు ఇంకెవడో అదే మాట అంటే ఆయన అదే పని చేస్తారు. సాయం చేయాలంటే అమ్మ ఫోన్ నుంచి వీడియో కాల్ చేయించి నాన్నగారి ఫోన్ తెరను చూపించమనండి. కాస్త ఆలస్యమైనా ఆ చెడ్డ అలవాటు పడదు.

"కస్టమర్ కేర్ నంబరు" అని గూగుల్‌లో వెతకడం చాలామందిని ముంచింది. అక్కడ మోసగాళ్లు పెట్టిన నంబర్లు కూడా కనిపిస్తాయి. కాబట్టి డెబిట్ కార్డు వెనకున్న బ్యాంకు నంబరు, గ్యాస్ పుస్తకం మీది నంబరు, కరెంటు ఫిర్యాదుల 1912, సైబర్ నేరాల 1930 వాళ్ల కాంటాక్ట్స్‌లో తెలుగులో పేర్లు పెట్టి ఇప్పుడే వేయండి. "ఈ రాత్రి 9:30కి మీ కరెంటు తీసేస్తాం" అని పదంకెల నంబరు నుంచి మెసేజ్ వస్తే 1912కి చేసి అడిగితే సరిపోతుంది. బ్యాంకులు సేవల గురించి చేసే ఫోన్లు 1600తో, ప్రచారం ఫోన్లు 140తో మొదలవ్వాలని నియమం. 9తోనో 7తోనో మొదలైన మామూలు నంబరు నుంచి "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అంటే పెట్టేయమని చెప్పండి. బ్యాంకు వెబ్‌సైట్ల చిరునామాలు కూడా ఇప్పుడు బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగుస్తాయి.

వాట్సాప్‌లో ఐదు నిమిషాలు

ప్రైవసీలో కాల్స్ అనే చోట సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చేయండి. యూనిఫాం వేసుకుని భయపెట్టే వీడియో కాల్స్ ఎక్కువగా వచ్చేది వాట్సాప్‌లోనే, ఇది ఆన్‌లో ఉంటే అవి మోగనే మోగవు. మీరు కొత్త నంబరు తీసుకుంటే మీ కాల్ కూడా మోగదు కాబట్టి ముందే వాళ్ల కాంటాక్ట్స్‌లో వేయించండి. గ్రూపులలో చేర్చే హక్కు మై కాంటాక్ట్స్‌కు మాత్రమే ఇవ్వండి, "షేర్ మార్కెట్ టిప్స్" గ్రూపుల్లోకి లాగడం ఆగుతుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టి, ఈమెయిల్ మీది ఇవ్వండి. లింక్డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ కొట్టండి.

ఆధార్ తాళం: అందరికీ సరిపోదు

భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను కాపీ చేసి, సిలికాన్ మీద అచ్చు తీసి, ఆధార్‌తో డబ్బు తీసే మిషన్ల ద్వారా ఖాతాలు ఊడ్చిన ముఠాలు తెలుగు రాష్ట్రాల్లో పట్టుబడ్డాయి. ఈ దారిలో ఓటీపీ రాదు, పిన్ అక్కర్లేదు. దీనికి మందు బయోమెట్రిక్ లాక్. ఆధార్ యాప్‌లో గానీ, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో గానీ, ఆధార్‌కు కలిసిన ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీతో లాక్ చేయవచ్చు. వేలిముద్ర, కంటిపాప, ముఖం మూడూ లాక్ అవుతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. నాన్నగారు రేషన్ షాపులో వేలిముద్ర వేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పెన్షన్ ఉంటే ఒకటో తేదీన సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వేలిముద్రో ముఖమో తీసుకుంటారు. రిటైర్డ్ ఉద్యోగి అయితే బతికే ఉన్నట్టు ఏటా జీవన్ ప్రమాణ్ అనే ధ్రువపత్రం ఇవ్వాలి. లాక్‌లో ఉంటే ఇవేవీ నడవవు, మిషన్ మీద 330 అనే లోపం చూపిస్తుంది. ఆ అంకె అర్థం తెలియక ముద్రలు అరిగిపోయాయనుకుని ఆధార్ సెంటర్ చుట్టూ తిరిగే పెద్దవాళ్లున్నారు. నెలనెలా వేలిముద్ర అవసరమైన వాళ్లకు లాక్ వేయకండి. దానికి బదులు బ్యాంకులో ఆ పెద్ద ఖాతాకు ఆధార్ ద్వారా డబ్బు తీసే సౌకర్యం ఆపమని రాతపూర్వకంగా అడగండి. వేలిముద్ర ఏడాదికోసారి మాత్రమే అవసరమయ్యే వాళ్లకు లాక్ వేసి, అవసరమైన రోజు మీరే తాత్కాలికంగా తీసి పెట్టండి.

ఆధార్ పని మీద ఉన్నప్పుడే కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. తెలియని నంబరుంటే "నాది కాదు" అని అక్కడే ఫిర్యాదు పెట్టవచ్చు. *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ నంబరును (ఆ ఫోన్‌ను గుర్తించే నంబరు) పాసుపుస్తకం వెనక రాసి ఉంచండి. ఫోన్ పోతే అదే పోర్టల్‌లో బ్లాక్ చేయడానికి అదీ, పోలీసు ఫిర్యాదు కాపీ కావాలి.

భయపెట్టే ఫోన్‌కు సాధన

సెట్టింగులతో ఆగనిది ఒకటి మిగిలింది. "మీ ఆధార్‌తో తీసిన సిమ్ మనీ లాండరింగ్‌లో దొరికింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, కెమెరా ముందు నుంచి కదలొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు." ఇలా గంటలు, కొన్నిసార్లు రోజుల తరబడి కూర్చోబెడతారు. ఎఫ్‌డీలు రద్దు చేయడానికి బ్యాంకుకు స్వయంగా నడిపిస్తారు, కౌంటర్‌లో ఏం చెప్పాలో కూడా నేర్పి పంపుతారు.

మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేది లేదు. ప్రధాని 2024 అక్టోబరు 27 నాటి మన్ కీ బాత్‌లో ఈ సంగతే చెప్పారు. విచారణకు పిలిచే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో పోలీసులకు స్పష్టం చేసింది. ఇవి నాన్నగారికి చెప్పండి, ముఖ్యంగా కోర్టు మాట. అధికారం అంటే గౌరవం ఉన్న మనిషికి అంతకన్నా పెద్ద అధికారం ఏమందో వినిపించడం పనికొస్తుంది.

అసలు ఇబ్బంది మర్యాద దగ్గర వస్తుంది. మన పెద్దవాళ్లు ఎదుటివాళ్లు మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయరు. అందులోనూ ఆఫీసరంటే "సార్, సార్" అంటూ వింటారు. కాబట్టి ఫోన్ పెట్టేయడాన్ని నేర్పాలి. ఎదురుగా కూర్చుని మీరే ఆ ఆఫీసరు గొంతుతో మాట్లాడండి. ఆయన అనాల్సింది ఒకే వాక్యం: "మా అబ్బాయితో మాట్లాడి చెబుతాను." వెంటనే ఎర్ర బటన్. మీరు మధ్యలో కసిరి, బెదిరించి, కేసు నంబరు చదివి మళ్లీ ప్రయత్నించండి. మొదటిసారి ఆయన వివరణ ఇవ్వడం మొదలుపెడతారు, "అది కాదండీ, నేను అలాంటివాణ్ని కాదు" అంటారు. అక్కడ ఆపి చెప్పండి, వివరణ ఇస్తే సంభాషణ సాగుతుంది, అవతలివాడికి కావలసింది అదే. నాలుగైదుసార్లు చేస్తే చెయ్యి దానంతటదే బటన్ మీదికి పోతుంది. అమ్మతోనూ చేయించండి. ఒకరు భయంతో బిగుసుకుపోయినప్పుడు ఫోన్ లాక్కుని కట్ చేసేది రెండో మనిషే.

తెల్ల కాగితం మీద లావు అక్షరాలతో ఇది రాసి గోడ క్యాలెండర్ పక్కన అంటించండి:

భయపెట్టినా, తొందరపెట్టినా ఫోన్ పెట్టేయ్.
మంచినీళ్లు తాగు.
పెద్దోడికి ఫోన్ చెయ్. ఎత్తకపోతే చిన్నమ్మాయికి.
డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.
డబ్బు పోతే 1930.

పెద్దోడి నంబరు, చిన్నమ్మాయి నంబరు అంకెల్లో పక్కనే ఉండాలి. ఫోన్ అవతలివాడి వీడియో కాల్‌లో చిక్కుకున్నప్పుడు కాంటాక్ట్స్ తెరవలేరు, అమ్మ ఫోన్లోంచో పక్కింటి ఫోన్లోంచో చేయాలి.

మీ గొంతునే అనుకరించి "యాక్సిడెంట్ అయింది నాన్నా, ఈ నంబరుకు డబ్బు పంపు" అనే కాల్స్ కూడా తయారవుతున్నాయి. ఇంటికి ఒక రహస్య ప్రశ్న పెట్టుకోండి: పాత గేదె పేరు, తాతగారు పిలిచే ముద్దుపేరు, ఫేస్‌బుక్‌లో ఎక్కడా రాయనిది. కంగారులో ప్రశ్న అడగడం మర్చిపోయినా, పెట్టేసి మీ పాత నంబరుకు తిరిగి చేయమనండి. అడిగినప్పుడు మీరు చిరాకు పడితే రెండోసారి అడగరు.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషం నుంచి

ఎందుకిలా చేశావని అడగకండి. ఆ మాటకు భయపడే చాలామంది రెండు మూడు రోజులు దాచిపెడతారు. ఈలోగా డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి ఏటీఎంలకు పోతుంది. మొదటి గంటలో చెబితే ఎక్కడో ఒక ఖాతాలో ఆగే అవకాశం ఉంది.

ముందు 1930. ఫోన్ చేసే ముందు ఇవి చేతిలో ఉండాలి: ఏ బ్యాంకు, ఖాతా నంబరు, ఎంత, ఏ సమయానికి, యూపీఐ లావాదేవీ పన్నెండంకెల నంబరు, అవతలివాడి యూపీఐ ఐడీ లేదా ఫోన్ నంబరు. లైను బిజీగా ఉంటే ఇంకో ఫోన్ నుంచి బ్యాంకు నంబరుకు చేసి ఖాతా, కార్డు, యూపీఐ ఆపించండి. రెండూ ఒకేసారి నడవాలి. 1930 వాళ్లిచ్చే నంబరుతో అదే రోజు జాతీయ సైబర్ నేరాల పోర్టల్, అంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చేయండి. స్క్రీన్‌షాట్లు, చాట్, కాల్ వివరాలు చెరపకండి. సిగ్గుపడి వాట్సాప్ చాట్ తీసేస్తారు, అది సాక్ష్యం.

మీరు విదేశంలో ఉంటే 1930 అనే చిన్న నంబరు అక్కడి నుంచి కలుస్తుందని నమ్ముకోకండి, పోర్టల్ కూడా ఇక్కడి ఫోన్‌కే ఓటీపీ పంపుతుంది. అందుకని ఊళ్లో చదువుకున్న బంధువునో పక్కింటి కుర్రాణ్నో ఒకరిని ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆ నంబరు గోడ కాగితం మీదికి ఎక్కాలి.

బ్యాంకుకు ఫోన్‌తో ఆగకుండా రాతపూర్వకంగా ఇచ్చి, తేదీతో ముద్ర వేసిన కాపీ తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై ఉత్తర్వు ప్రకారం ఖాతాదారు తప్పు లేకుండా పోయిన సొమ్మును మూడు పనిదినాల్లోపు చెబితే ఆయన మీద భారం పడదు. పిన్ చెప్పడం లాంటి పొరపాటు ఆయనదే అయినా, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అందుకే ఏ నిమిషాన చెప్పారనేది కాగితం మీద ఉండాలి.

ఎక్కడో ఖాతాలో డబ్బు ఆగిందని తెలిస్తే అది దానంతటదే తిరిగి రాదు. సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. ఇప్పటి బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 503 సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గర దరఖాస్తు వేయాలి, తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా తిరిగి ఇప్పిస్తున్నారు. సైబర్ పోలీస్ స్టేషన్‌లో ఈ సంగతి మీరే అడగండి. తర్వాత కొన్నాళ్లకు "మీ పోయిన డబ్బు ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తుంది. మోసపోయిన వాళ్ల నంబర్లు చేతులు మారతాయి. అదీ మోసమే.

మూడు నెలలకోసారి, వెళ్లలేకపోతే వీడియో కాల్‌లోనైనా, నాలుగు చోట్లు చూస్తే చాలు: ఎస్ఎంఎస్ అనుమతులు, యాక్సెసిబిలిటీ, వాట్సాప్ లింక్డ్ డివైసెస్, కీప్యాడ్ ఫోన్ రీచార్జి. గోడ మీది కాగితం చూపించమనండి. కొత్త సంవత్సరం క్యాలెండర్ మార్చినప్పుడు దాన్ని కూడా చింపేసే అవకాశం ఎక్కువ, జనవరిలో కొత్తది రాసి అంటించండి.